బండారి చెరిగిపోకుండా

నెల్లికుదురు చుట్టుపక్కల కురుమల, గొల్లల ఇళ్లలో బీరువా తెరిస్తే పెళ్లి డీవీడీల నడుమ బీరప్ప పండుగదో, మల్లన్న పట్నాలదో ఒక డిస్కు కనబడటం మామూలే. పెళ్లిళ్లు తీసే స్టూడియో వాళ్లనే పిలిపించి, ఫోకస్ లైట్ల వెలుగులో రాత్రంతా తీయించుకున్నవి అవి. ఆ పండుగల్లో డోళ్లతో ఆడి పాడి చెప్పేదే ఒగ్గు కథ. జనగామ జిల్లా మాణిక్యాపురం నుంచి దానికి దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. అంతటి పేరు లేని ఊరి బృందాల ఆటకూ పాటకూ చాలాచోట్ల ఆ డిస్కే దిక్కు. ఇంట్లో రాసిన డీవీడీలో బొమ్మ నిలిచేది పలుచని రంగు పొర మీద. ఎండా వేడీ తగిలితే ఆ పొర చెడిపోతుంది. కాబట్టి డిస్కులో ఉన్నదాన్ని ఇప్పుడే కంప్యూటర్లోకి దించుకోవాలి.

దించడం సులువే. స్టూడియో డిస్కులకు సాధారణంగా తాళాలుండవు. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లోని డాట్ ఫైలును, డీవీడీ అయితే మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేసుకోవాలి. గీతలు పడి మధ్యలో ఆగిపోతే డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొండికేసినచోటికి మళ్లీ మళ్లీ వస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాత, వీడియోను ఎన్‌కోడ్ చేసే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్ తెరిచి సెట్టింగులు ఎంచుకునేటప్పుడు. సినిమాకు సరిపోయే అంకెలు ఒగ్గు కథకు సరిపోవు.

మొదట చూడాల్సింది డోలు కర్ర. మన దేశంలోని పాల్ పద్ధతి డీవీడీలో ఒక్కో ఫ్రేము 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు. సెకనుకు 25 ఫ్రేములు. అయితే టేపు కెమెరాలు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి. ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. పాత టీవీ వాటిని అలాగే చూపేది. ఫోనులో మాత్రం ఊగే చేయి అంచున దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. ఆ గీతలు పోగొట్టడానికి చాలామంది డీఇంటర్లేస్ నొక్కి 25 దగ్గరే ఆగిపోతారు. బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, కానీ కదలికలో సగం క్షణాలు పోతాయి. ఒగ్గు డోలు బృందం గిరగిరా తిరుగుతూ ఎగిరి దుంకే ఆటలో ఆ సగమే ప్రాణం. అందుకే డీఇంటర్లేస్‌లో బాబ్ ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50 పెట్టాలి. మినీ డీవీ టేపు మీద తీసిన వీడియోలో సరి గీతల వరుస ముందు వస్తుంది. ఆ వరుసను తలకిందులుగా లెక్కిస్తే ఆటగాడు ముందుకూ వెనక్కూ వణుకుతాడు. వీసీడీకి ఈ బాధ లేదు. అందులోవి నిండు ఫ్రేములే, వాటిని ముట్టుకోవద్దు.

తర్వాత బండారి. పూనకంలో చల్లిన పసుపు గాలిలో తేలుతుంటే, రాత్రి వెలుతురు చాలక కెమెరా పుట్టించిన చుక్కలూ అందులోనే కలిసిపోతాయి. రెంటికీ తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. నాయిస్ తగ్గించే మీట నొక్కామా, బండారి కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ మీట జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. పట్నం ముగ్గు సంగతీ అంతే. డీవీడీలో రంగుల వివరం వెలుగు వివరంలో నాలుగో వంతే ఉంటుంది, ఎర్ర పసుపు గీతలు అప్పటికే సన్నగిల్లి ఉంటాయి. సైజు తగ్గిస్తే అవి అలికినట్టవుతాయి. పెంచితే కొత్త వివరమేమీ రాదు, ఫైలు బరువెక్కడం తప్ప. వెడల్పు ఎత్తుల నిష్పత్తి సరిగ్గా ఉందో లేదో డోలు ముఖం చూస్తే తెలుస్తుంది. అది గుండ్రంగా ఉండాలి.

నాణ్యతకు స్థిర బిట్‌రేటు వద్దు. ఒకప్పుడు 700 ఎంబీ సీడీలో ఇరికించడానికి అలా చేసేవారు. దానివల్ల కథకుడు నిలబడి మాట్లాడే ఘట్టంలో బిట్లు వృథా అవుతాయి, డోళ్లు అందుకోగానే చాలక బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతుంది. ఆర్‌ఎఫ్ అనే స్థిర నాణ్యత పద్ధతి కదలిక ఎక్కువున్నచోట ఎక్కువ ఖర్చు పెడుతుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఈ సైజు వీడియోకు 18 నుంచి 22 మధ్య వాడతారు. ఒగ్గు కథకు నా ఓటు 18కే. రాత్రి తీసిన డిస్కు ఫైలు దాదాపు అసలంత కావచ్చు, అయినా సరే. ఎన్‌కోడర్ హెచ్.264 చాలు. హెచ్.265 ఫైలు చిన్నదవుతుంది కానీ పాత టీవీలు కొన్ని ఆడించలేవు. ప్రీసెట్ స్లో పెట్టి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి పని అయిపోతుంది.

ధ్వనిని మాత్రం అసలు మార్చొద్దు. పాస్‌త్రూ పెడితే డిస్కులో ఉన్నది ఉన్నట్టే వస్తుంది. డోలు దెబ్బ, తాళాల గలగల, గజ్జెల చప్పుడు, వాటి మీదుగా లేచే వంత గొంతు: ధ్వనిని కుదిస్తే ముందు నలిగేవి ఇవే. పాస్‌త్రూ కుదరకపోతే మాత్రం, చిన్న శబ్దం, పెద్ద శబ్దం ఒక్క తీరు చేసే డీఆర్‌సీని సున్నా దగ్గరే ఉంచాలి.

డిస్కు మొత్తాన్ని ఒకేసారి అప్పగించొద్దు. బృందమంతా కలిసి ఆడే చోటు నుంచి ముప్పై సెకన్ల ముక్క ఎన్‌కోడ్ చేసి, ఫోనులో కాదు, టీవీలో చూడాలి. అక్కడ తట్టుకున్న సెట్టింగు కథంతా తట్టుకుంటుంది. డిస్కు నుంచి దించిన అసలు ఫైళ్లను చెరిపేయవద్దు. ఒక పొర డీవీడీ 4.7 జీబీ మించదు, ఒక టీబీ హార్డ్‌డిస్కులో అలాంటివి రెండు వందలకు పైగా పడతాయి. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే మళ్లీ కుదించదు. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, కథ పేరు రాయాలి. ప్రధాన కథకుడు ఎవరో, వంత ఎవరో, డోలు ఎవరో ఇంట్లో పెద్దలను అడిగి పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో ఎక్కించాలి.