గండి ఎక్కడ పడుతుంది?

2023 జూలై వానలకు వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. చెరువు ఎంత నిండిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. కట్టలో మట్టి ఎక్కడ వదులైందో మాత్రం పైకి కనిపించదు.

మెదడు రక్తనాళాల కంప్యూటర్ మోడళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ కట్టే గుర్తొస్తుంది. నాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. నూటికి ముగ్గురు పెద్దవాళ్లలో ఉండొచ్చని అంచనా. చాలావరకు పగలవు. పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు పుర్రె తెరవకుండానే, గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పంపి బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపుతారు. లేదా ఫ్లో డైవర్టర్ అనే అల్లిక గొట్టాన్ని నాళంలో పరుస్తారు. దీనికీ ప్రమాదముంది. అందుకే పగలని బుడగను ముట్టుకోవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడికే కంప్యూటర్ వస్తుంది. స్కాన్ నుంచి ఆ మనిషి నాళం ఆకారం తీసుకుని, నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో అందులో రక్తాన్ని పారిస్తారు. ఎరుపు, నీలం రంగుల్లో ఒక బొమ్మ వస్తుంది. చూస్తే ఫోటోలాగే ఉంటుంది. నా పేచీ అక్కడే. అది ఫోటో కాదు, ఒక పఠనం. ఆకారం రోగిదే. ప్రవాహ వేగం మాత్రం చాలాసార్లు ఎవరెవరివో సగటు. గోడ కదలదని ఒక ఊహ, రక్తం చిక్కదనం మారదని ఇంకో ఊహ. గోడ బలం మామూలు స్కాన్‌లో దొరకనే దొరకదు.

2012లో డేవిడ్ కాల్మ్స్ అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో ఒక సంపాదకీయం రాశాడు. ఈ విద్య పొట్టిపేరు సీఎఫ్‌డీకి శీర్షికలోనే 'గందరగోళ కారకాల వ్యాప్తి' అనే అర్థం వచ్చేలా వెటకారపు విస్తరణ ఇచ్చాడు. గోడమీద రక్తం ఒరిపిడి ఎక్కువైతే ప్రమాదమని కొందరు, తక్కువైతే ప్రమాదమని కొందరు అంటుంటే ఆ మాత్రం వెటకారం న్యాయమే. 2014లో హుయి మెంగ్ బృందం రెండూ నిజం కావచ్చు, దారులే వేరని వాదించింది. బావుంది. కానీ ఎటైనా సరిపోయే వివరణను తప్పని తేల్చడం కష్టం.

అయితే కాల్మ్స్ వెటకారం అన్ని మోడళ్లకూ వర్తించదు. ఫ్రాన్స్‌లోని సిమ్ అండ్ క్యూర్ సంస్థ సాఫ్ట్‌వేర్ అడిగేది చిన్న ప్రశ్న: ఈ అల్లిక గొట్టం ఈ నాళంలో విచ్చుకున్నాక ఎంత పొడవుంటుంది? నాళం ఇరుకైతే అది సాగుతుంది, వెడల్పైతే కురచవుతుంది. జవాబు సరైనదో కాదో అదే రోజు, అదే టేబుల్ మీద ఎక్స్‌రేలో తేలిపోతుంది. 'ఇది పగులుతుందా' అన్నదానికి అలాంటి పరీక్ష లేదు. పగులుతుందనుకున్నదాన్ని మూసేస్తారు. వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఇక ఎవరికీ తెలీదు.

వరంగల్‌లో నిట్, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే మొదలయ్యాయి. ఒకచోట ప్రవాహం లెక్కలు నేర్పుతారు, ఇంకోచోట మనిషిని చూడటం నేర్పుతారు. ఈ బొమ్మకు రెండూ కావాలి. దాని కింద ఏది కొలిచారో, ఏది ఊహించారో తెలుగులో నాలుగు వాక్యాలు కూడా కావాలి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఇంజనీరు కాదు కదా.