అమరావతీ శిల్పముల లభ్యస్థానము: సంగ్రహచరిత్రపై ఒక విమర్శ

తెలుగు భాషాచరిత్రలు పెక్కింట తొలి తెలుగు పదముగ ఉదాహరింపబడునది అమరావతి శిలాఖండముపై గల 'నాగబు' అనునది. దీనిని గుర్తించి చూపినవారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. అమరావతి దానశాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో ఉన్నవి. 'నాగబుధి' వంటి వ్యక్తినామములు ఆ వాతావరణమునకు సహజములు. కావున 'నాగబు' పూర్ణపదమా, లేక విరిగిన యొక పేరునకు పూర్వభాగమా అను శంక పుట్టినది. ఈ శంకను తీర్పగలది వ్యాకరణము మాత్రమే కాదు; ఆ రాతికి ఆవలితట్టున నుండిన రాయి యేది, అది యిప్పుడెచట నున్నది అను ప్రశ్నకు సమాధానము దొరకవలెను. శిల్పముల లభ్యస్థానవిచారము భాషాపరిశోధకునకు పరాయి విషయము కాదనుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

ఇచట రెండు విషయములను వేరుపరచి చూడవలసియున్నది. ఒక వస్తువు నేలలో ఎచట, ఏ వస్తువుల నడుమ దొరికినదో తెలుపునది లభ్యస్థానము. పిమ్మట అది యెవరెవరి చేతులు మారినదో తెలుపునది స్వామ్యపరంపర. వర్తకులకు, సంగ్రాహకులకు రెండవది ముఖ్యము. అది హక్కునకు ఆధారము. పరిశోధకునకు మొదటిది ముఖ్యము. అది అర్థమునకు ఆధారము. తాళపత్రప్రతి అట్టపై యజమాని పేరున్నంతమాత్రమున గ్రంథకర్త యెవరో తెలియదు గదా! శిల్పము విషయమునను అంతియే.

అమరావతిలో ఈ రెంటికిని గల సంబంధము ఎట్లు తెగినదో పరిశీలింతము. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచట నూతనపట్టణమును నిర్మించునప్పుడు స్తూపపు దిబ్బనుండి రాళ్లు, ఇటుకలు తీయబడినవి. ఆ కాలముననే కాలిన్ మెకంజీ ఆ స్థలమును చూచెను. మరల 1816లో వచ్చి, తన సహాయకులచే శిల్పములకు చిత్రములు, స్థలమునకు పటములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరినవి. అందు నూటికి పైగా 1859లో లండనునకు పంపబడి, 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చెందినవి. 1877లో రాబర్ట్ స్యూయెల్ కొంతభాగము త్రవ్వి నివేదిక వ్రాసెను. 1880లో ప్రభుత్వాజ్ఞచే దిబ్బ నడిమిభాగమంతయు త్రవ్వివేయబడినది. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చునప్పటికి అచట స్తూపము పోయి పెద్ద గొయ్యి మిగిలియుండెను. నేడు ఆ ఒక్క కట్టడపు శిల్పములు ప్రధానముగ చెన్నై, లండన్ మ్యూజియములలోను, కొన్ని కలకత్తాలోను, అమరావతిలోను ఉన్నవి.

ఈ చరిత్రలో మెకంజీ, ఇలియట్ ఇరువురును సంగ్రాహకులే. రాళ్లను కదలించిన దోషము మెకంజీకిని లేకపోలేదు. అయినను గ్రామగ్రామపు కైఫీయతులను ఊరిపేరుతో వ్రాయించిన ఆ దృష్టియే రాళ్ల విషయమునను పనిచేసినది. తరువాత నశించిన శిల్పములు కొన్ని నేటికిని ఆ చిత్రములలోనే చదువుటకు దొరకుచున్నవి. ఇలియట్ సేకరణ అంతకంటె పెద్దదైనను, ఏ ఫలకము ఏ తావున దొరికినదో తెలుపు అట్టి సాధనము దానికి లేదు. ఆ శిల్పములకు చిరకాలము వాడుకలో నున్న 'ఇలియట్ మార్బుల్స్' అను పేరు గమనింపదగినది. ఆ రాయి చలువరాయి కాదు, పలనాటి సున్నపురాయి. ఆ శిల్పములు ఇలియట్‌వి కావు. తమ పేర్లను, కులవృత్తులను, బంధువులను రాళ్లపై చెక్కించుకొన్న దాతలవి. సంగ్రాహకుని పేరు పైకి వచ్చి, ఊరిపేరు వెనుకకు పోయినది.

తరలింపకున్నచో ఆ రాళ్లు సున్నపుబట్టీల పాలయ్యెడివని కొందరు వాదింతురు. ఈ వాదములో సత్యము కలదు. పెక్కు ఫలకములు అట్లే కాలిపోయినవి. కాని రక్షించుట వేరు, నమోదు చేయుట వేరు. మొదటిది రెండవదానికి ప్రతిబంధకము కాదని మెకంజీ చిత్రములే చాటుచున్నవి. రాతిని కాపాడి దాని స్థానమును పోగొట్టినవాడు పుటలను దాచి పుటసంఖ్యలను చెరిపినవాని వంటివాడు.

ఈ లోపము విమర్శగ్రంథములలోను ప్రతిఫలించినది. సి. శివరామమూర్తిగారి 1942 నాటి గ్రంథము మద్రాసు శిల్పములకును, డగ్లస్ బారెట్ 1954 నాటి గ్రంథము లండన్ శిల్పములకును ప్రామాణికములైనవి. ఇరువురును ప్రౌఢవిమర్శకులే, కాలనిర్ణయములో మాత్రము విభేదించిరి. ఈ భేదమునకు రుచి యొక్కటే కారణము కాదు. ఫలకముల అమరిక పోయినపిదప శైలి, లిపి అను రెండు సాక్ష్యములపైననే అధికముగ ఆధారపడవలసివచ్చినది. ప్రతి గ్రంథమునకును మ్యూజియము గోడయే ఎల్లయైనది. స్తూపము ఏ గ్రంథములోను సమగ్రముగ ఇముడలేదు.

ఇది గతించిన కాలపు కథ మాత్రమే కాదు. ప్రకాశం జిల్లా చందవరమునకు చెందిన బుద్ధారాధకుల శిల్పమును ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో న్యూయార్కులోని ఒక వర్తకసంస్థ నుండి కొన్నది. పురావస్తువుల ఎగుమతిని నియంత్రించు 1972 నాటి చట్టము అప్పటికి చిరకాలముగ అమలులో నున్నది. తుదకు 2016లో ఆ శిల్పము భారతదేశమునకు అప్పగింపబడినది. స్వామ్యపత్రములను వ్రాయించుకొనవచ్చును, స్థలములో తీసిన పాత ఛాయాచిత్రమును అట్లు కల్పించుట కష్టము. తమిళనాడు దేవాలయవిగ్రహములు కొన్ని గుర్తింపబడుటకు పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థవారి ఛాయాచిత్రములే తోడ్పడినవి. అమరావతిలో అర్థమును కాపాడిన నమోదే ఇచట హక్కును కాపాడినది.

కావున మన పరిశోధకులు శిల్పమునుగాని శాసనఖండమునుగాని ఉదాహరించునప్పుడు అది నేడున్న మ్యూజియము పేరుతో తృప్తిచెందరాదు. ఎచట దొరికినది, ఏ సంవత్సరమున, ఎవరి త్రవ్వకములో, దానికి అతుకు ఖండము లున్నవా అను విషయములు ఉదాహరణతో కూడియుండవలెను. 'నాగబు' తెలుగు పదమని సాధించుటకును, కాదని ఖండించుటకును మార్గము అదియే. లభ్యస్థానము తెలియని శిల్పము రమ్యమై యుండవచ్చును; కాని దాని సాక్ష్యము సగము సాక్ష్యమే.