రొద అణిచిన చిప్

మైకు నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని వందల రెట్లు పెంచేటప్పుడు సర్క్యూట్ సొంత రొద కూడా పెరిగి, పాట వెనక సన్నగా ‘స్‌స్’ మంటుంది. ఆ రొదను అదుపులో పెట్టిన ఐసీల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఎన్ఈ5532. 1970ల చివర్లో సిగ్నెటిక్స్ కంపెనీ తెచ్చిన ఈ ఎనిమిది కాళ్ల చిప్‌లో రెండు ఆప్-ఆంప్‌లు, అంటే సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్లు, ఉంటాయి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర దీని రొద హెర్ట్జ్ వర్గమూలానికి 5 నానోవోల్టులు. అందరూ వాడే టీఎల్072కు పాత డేటాషీట్ లెక్కలో 18. స్టూడియో మిక్సర్లు ఎన్ఈ5532ను ఊరికే నెత్తిన పెట్టుకోలేదు.

అయితే అసలు పనితనం చిప్ చుట్టూ ఉంటుంది. 1 కిలోఓమ్ రెసిస్టర్ ఒక్కటే అదే లెక్కలో 4 నానోవోల్టుల రొద చేస్తుంది. అందుకే పని తెలిసినవాళ్లు వీలైనంత చిన్న విలువలు వేస్తారు. 600 ఓమ్‌ల లోడునూ ఈ చిప్ తడబడకుండా మోస్తుంది కాబట్టి ఆ ధైర్యం. పవర్ అందే 4, 8 పిన్నుల మధ్య, చిప్‌ను ఆనించి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి; లేకపోతే చెవికందని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతుంది. ఎంత శ్రద్ధ కావాలో చూడండి!

ఇంతకన్నా తక్కువ రొద చేసే చిప్‌లు ఇప్పుడున్నాయి. కానీ పాత మిక్సర్ బాగుచేసేవాళ్లకు నా మనవి: దీన్ని పీకే ముందు ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చి వినండి.