తూము లేని చెరువు

కొడుకు దగ్గరికని కోరుట్ల నుంచి అమెరికా పోయిన మా దోస్తు ఈ వారం గ్లేసియర్ నేషనల్ పార్కు నుంచి వీడియో కాల్ చేశాడు. వెనక మోంటానా కొండలు, ముందు పదహారు కిలోమీటర్ల పొడవున మెక్‌డొనాల్డ్ సరస్సు. కొడుకు ఫొటో కోసం బతిమాలుతుంటే మావాడు నీళ్ల మీంచి చూపు తిప్పకుండా, "దీని తూమెక్కడుందిరా? కింద ఎన్నెకరాలు పారుతది?" అంటున్నాడు. వదినేమో పులిహోర డబ్బా మూతతో కుస్తీ పడుతోంది.

నాకు పట్టరానంత సంతోషం! నా పిచ్చి మీకు తెలిసిందే: కట్ట, తూము, మత్తడి కనబడితే తప్ప దాన్ని చెరువని ఒప్పుకోను. గుట్టల సందు చూసి కాకతీయుల కాలంలో కట్ట పోసిన పాకాల, లక్నవరం ఇక్కడుండగా అంత దూరం పోవడమెందుకని రాద్దామనే కూర్చున్నాను.

1910లో పార్కుగా ప్రకటించిన ఆ కొండల్లో చెరువులు ఏడొందలకు పైనే. షెర్‌బర్న్‌కు సాగునీటి కోసం ఆనకట్ట కట్టారు గానీ, మిగతావి దాదాపు అన్నీ మంచు తవ్వినవే. మెక్‌డొనాల్డ్ ఒడ్డున నీళ్లలో ఎర్రవి, పచ్చవి రాళ్లు. ఇనుము గాలి తగిలిన చోట ఎర్రబడింది, తగలని చోట పచ్చగా మిగిలింది. మావాడు ఒక ఎర్రరాయిని తుడిచి జేబులో వేసుకోబోతే కొడుకు ఆపాడు. పార్కులోంచి గులకరాయి కూడా తీసుకుపోకూడదట.

అది విన్నాక మిడ్ మానేరు మీదికి మనసు పోయింది. సిరిసిల్ల దారిన పోయేవాళ్లు బండ్లాపి సెల్ఫీలు దిగుతుంటారు. సముద్రంలా ఉందంటారు, నిజమే. నేను మాత్రం అక్కడ బండి ఆపను. మా బావ ఇల్లు ఆ నీళ్ల కింద ఉంది. కొదురుపాక, చింతల్‌ఠాణా, అనుపురం, సంకెపల్లి, ఇలా ఎన్నో ఊళ్లు ముంపులో పోయాయి. బావ ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటాడు. తన పాత వాకిట్లో వేపచెట్టు ఎటువైపుండేదో ఇప్పటికీ చేతులు చాపి చూపిస్తాడు. ఆ నీళ్లతో పొలాలు పచ్చబడ్డాయని కూడా తనే చెబుతాడు. బావ ముందు తూముల గొప్పలు చెప్పడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.

అందుకే ఈసారి దోస్తు పక్షాన కాక ఆ సరస్సు పక్షాన రాయాలనిపించింది. ఊరిని ముంచకుండా, ఎవరి మడీ తడపకుండా ఒక నీటిపట్టు ఉండొచ్చు. అట్లాంటిది చూడ్డానికి సముద్రాలు దాటినా తప్పులేదు.

ఇక్కడిదాకా రాసి, ఆ మాటే బావకు ఫోన్లో చెప్పాను. "మరి అక్కడ ముందు ఎవరూ లేకుండెనా?" అన్నాడు.

ఉన్నారు. పార్కు తూర్పు భాగం బ్లాక్‌ఫీట్ తెగవాళ్లది. దోస్తు మర్నాడు చూసిన సెయింట్ మేరీ సరస్సు అటువైపే. 1895 ఒప్పందంలో ఆ కొండలను పదిహేను లక్షల డాలర్లకు అమెరికా ప్రభుత్వం తీసుకుంది. వేటాడే, కట్టెలు కొట్టుకునే హక్కులు వాళ్లకే ఉంటాయని అందులో రాశారు. పార్కు వచ్చాక అక్కడ అవీ చెల్లలేదు.

"ఎకరానికి ఎంత పడ్డది?" అన్నాడు బావ.

సుమారు ఎనిమిది లక్షల ఎకరాలు. భాగించి చెప్పాను, రెండు డాలర్లు కూడా పడలేదు.