యానిమేషన్ లఘుచిత్రాలు – దృశ్యశోభ, కథాలోపం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యంగ్యార్థానికి ప్రాధాన్యం లేక, శబ్దార్థాల చమత్కారంతోనే నిలిచే రచనను ఆలంకారికులు చిత్రకావ్యమన్నారు. మమ్మటుడు దానికి అధమస్థానమిచ్చాడు. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు మరికొంత సూక్ష్మంగా చూసి, అర్థచిత్రాన్ని మధ్యమకావ్యంగానూ శబ్దచిత్రాన్ని అధమకావ్యంగానూ విడదీశాడు. నేటి యానిమేషన్ లఘుచిత్రాల పరిశీలనకు ఈ విభజన బాగా ఉపకరిస్తుంది. వెంట్రుక వెంట్రుకగా కదిలే జంతువు ఒళ్లు, నీటి మీద చెదిరే వెన్నెల, పొగమంచులోంచి తేలివచ్చే నగరం – ఇవి దృశ్యరూపంలోని శబ్దచిత్రాలు. చిత్రం ముగిశాక అందులో ఎవరికి ఏం జరిగిందని అడిగితే ప్రేక్షకుడు చెప్పలేడు. బొమ్మలు బాగున్నాయని మాత్రం అంటాడు.

అందం మీద ఫిర్యాదు అనవసరం. యానిమేషన్‌లో బొమ్మే భాష. ఆ బొమ్మ దేనికోసం కదులుతున్నదన్నదే విమర్శకు విషయం. సాంకేతిక ప్రయోగాలుగా పుట్టిన రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఇది స్పష్టమవుతుంది. 1937లో డిస్నీ సంస్థ నిర్మించిన ‘ది ఓల్డ్ మిల్’ మల్టీప్లేన్ కెమెరాను పరీక్షించడానికి తీసిన చిత్రం. వేర్వేరు దూరాల్లో అమర్చిన చిత్రఫలకాల మీదుగా కెమెరా కదులుతుంటే దృశ్యానికి లోతు వస్తుందా అన్నది నాటి ప్రశ్న. ఆ చిత్రంలో మనుషులు లేరు, మాటలు లేవు. పాడుపడిన ఒక గాలిమర, దాన్ని ఆశ్రయించుకొన్న పక్షులు, గబ్బిలాలు, ఒక తుఫాను రాత్రి – అంతే. అయితే గాలిమర లోపలి యంత్రంలో, చక్రపు పన్ను వచ్చి దిగే గుంటలో ఒక పక్షి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంటుంది. గాలి ముదిరి, కట్టిన తాడు తెగి చక్రం తిరగడం మొదలవుతుంది. పన్ను ఆ గుంటలోకి దిగితే గూడు నలిగిపోతుంది. సరిగ్గా ఆ గూటి మీదికి రావలసిన పన్ను విరిగిపోయి ఉండటంతో పక్షి బతుకుతుంది. మెరుపులూ వర్షధారలూ ఎంత అద్భుతంగా గీసినా ప్రేక్షకుడి కన్ను వెళ్లేది ఆ గుంట దగ్గరికే. అక్కడ పోగొట్టుకోవడానికి ఒకటి ఉంది.

2006లో బ్లెండర్ ఫౌండేషన్ తరఫున వచ్చిన ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’ కూడా ప్రయోగమే. బస్సాం కుర్దాలీ దర్శకుడు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంతటి త్రీడీ చిత్రం సాధ్యమేనని అది నిరూపించింది. దాని నిర్మాణ ఫైళ్లను అందరికీ ఇచ్చివేయడం చిన్న ఊళ్ల విద్యార్థులకు జరిగిన మేలు. మహాయంత్రం లోపల ప్రూగ్ అనే పెద్దవాడు, ఈమో అనే చిన్నవాడు తిరుగుతుంటారు. పెద్దవాడికి కనిపించే యంత్రమహిమ మీద చిన్నవాడికి నమ్మకం లేదు. తాత్త్వికంగా చెప్పుకోవడానికి ఇందులో చాలా ఉంది. కానీ ఆ యంత్రం ఆగితే ఎవరికి నష్టమో తెలియదు కనుక చివరి దెబ్బ కూడా ప్రేక్షకుడికి తగలదు. నాలుగేళ్ల తరువాత అదే సంస్థ ‘సింటెల్’ (2010) నిర్మించింది. తాను పెంచుకొన్న డ్రాగన్ పిల్లను వెదుక్కుంటూ వెళ్లిన అమ్మాయి ఒక పెద్ద డ్రాగన్‌ను చంపుతుంది. అది తన పిల్లేనని, ఈలోగా ఏళ్లు గడిచి తానూ వయసు మీరిందని అప్పుడు గుర్తిస్తుంది. ఈ అభిజ్ఞానంతో అంతకుముందు చూసిన మంచుకొండలన్నీ గడిచిపోయిన కాలంగా మారతాయి. ఉపకరణాలు మెరుగుపడ్డాయన్నది నిజమే, కానీ ఈ అంతరం వాటివల్ల వచ్చింది కాదు.

మన దగ్గర ఈ లోపానికి వృత్తిపరమైన మూలం ఉంది. హైదరాబాదు యానిమేషన్ పరిశ్రమ చాలావరకు విదేశీ సంస్థల పనిని ఒప్పందం మీద చేస్తూ ఎదిగింది. అటువంటి ఒప్పందాల్లో సాధారణంగా కథ, స్టోరీబోర్డు అక్కడ తయారవుతాయి. కదలిక, లైటింగ్, రెండరింగ్ ఇక్కడ జరుగుతాయి. ఈ శ్రమవిభజనకు తగినట్లే శిక్షణ కూడా సాగుతుంది. విద్యార్థి తీసే లఘుచిత్రం చాలాసార్లు షోరీల్‌కు మారుపేరు. ఉద్యోగ దరఖాస్తుగా దానిని తప్పుపట్టలేం. కళాకృతిగా ప్రదర్శించినప్పుడు మాత్రం కొలమానం మారక తప్పదు. ‘ఛోటా భీమ్’ (2008) బొమ్మలు నైపుణ్యంలో సాదాసీదావే, కథలూ ఒక మూసలోవే. అయినా ఆ పిల్లవాడికి ఏం కావాలో చూసే పిల్లలకు తెలుసు. మెరుగైన బొమ్మలున్న ఎన్నో లఘుచిత్రాలకు ఈపాటి స్పష్టత కూడా ఉండదు.

ఈ వాదాన్ని ఒక స్థానిక వస్తువు మీద పరీక్షించవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను కోటబొమ్మాళి, టెక్కలి ప్రాంతాలను తాకి, ఉద్దానం కొబ్బరి, జీడితోటలను పడగొట్టింది. యానిమేటర్‌కు ఇంతకన్నా ఆకర్షణీయమైన దృశ్యం దొరకదు: వంగే కొబ్బరిమట్టలు, ఎగిరే పెంకులు, నల్లటి సముద్రం. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఉద్దానం రైతుకు తుఫాను ఒక్క రాత్రితో ముగియలేదు. పడిన మానులను తొలగించడం ఒక ఖర్చు. మళ్లీ నాటిన పొడవు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. చెట్టును కొడుకుతో సమానంగా చెప్పుకొనే చోట, అరవై ఏళ్ల రైతు మొక్క నాటడానికి గుంత తవ్వుతున్నాడంటే ఆ కాయ ఎవరు తింటారన్న ప్రశ్న ఆ గుంతలోనే ఉంది. ‘ఓల్డ్ మిల్’ పక్షిగూడు వంటి స్థానం అది.

ఇటువంటి దీర్ఘకాలాన్ని యానిమేషన్ మోయగలదనడానికి ఫ్రెడరిక్ బ్యాక్ కెనడాలో తీసిన ‘ది మ్యాన్ హూ ప్లాంటెడ్ ట్రీస్’ (1987) ఉదాహరణ. జాఁ జియోనో కథ ఆధారంగా వచ్చిన ఈ అరగంట చిత్రం ఆస్కార్ అందుకొంది. గరుకు పారదర్శక పలకల మీద రంగు పెన్సిళ్లతో గీసిన ఈ చిత్రం వెలిసిపోయిన గోధుమరంగులో మొదలవుతుంది. గొర్రెల కాపరి ఓక్ గింజలు నాటుతూ పోగా అడవి పెరుగుతుంది, దానితోపాటు తెర మీదికి రంగులు వస్తాయి. అక్కడ పచ్చదనం అలంకారం కాదు, ఒక మనిషి చేసిన పనికి వచ్చిన ఫలితం. ప్రేక్షకుడు ఆ రంగు కోసం నిరీక్షిస్తాడు. ఉద్దానం మీద తీసే చిత్రం మొదటి దృశ్యంలోనే పచ్చని తోటనంతా ఆకాశం నుంచి చూపి, తుఫానుకు నాలుగు నిమిషాలు కేటాయించి, ఆ ఏడేళ్లను మూడు సెకన్ల టైమ్‌ల్యాప్స్‌గా దాటవేస్తే, తుఫాను ఎంత గొప్పగా వచ్చినా రైతు మాత్రం అందులో ఉండడు.