కీదోన్: ఈటెయా, ఖడ్గమా? – యెహోషువ 8:18 అనువాదంపై ఒక పరిశీలన

పాత నిబంధనలో ఈటెకు వాడబడిన హెబ్రీ పదాలలో ముఖ్యమైనవి హనీత్, రోమహ్. సౌలు చేతిలో ఎప్పుడూ కనిపించేది హనీత్ (1 సమూ. 18:10, 22:6). ఫీనెహాసు పట్టుకొన్నది రోమహ్ (సంఖ్యా. 25:7). వీటి అర్థం విషయంలో పెద్ద వివాదం లేదు. వీటితోపాటు ఈటెగా ఎంచబడుతూ వచ్చిన మూడవ పదం కీదోన్. చిక్కంతా దీనితోనే.

మన పాత తెలుగు అనువాదం కీదోన్‌ను యెహోషువ 8:18లో ‘ఈటె’ అనియు, 1 సమూయేలు 17:6, 45లో ‘బల్లెము’ అనియు తర్జుమా చేసింది. కాబట్టి తెలుగు మాత్రమే చదివే బోధకునికి యెహోషువ చాపినదానికీ గొల్యాతు భుజాల మధ్యనున్నదానికీ హెబ్రీలో ఒకే పేరున్నదని తెలియదు. ప్రాచీన అనువాదకులకూ ఈ పదం స్పష్టం కాలేదు. సెప్టువజింతు యెహోషువలో ‘గైసోస్’ అనే విసిరే ఈటెను పేర్కొని, సమూయేలులో ‘డాలు’ అన్నది. వల్గేటు ఈ రెండు గ్రంథాలలోనూ డాలు అనే అన్నది.

1947లో కుమ్రాను మొదటి గుహలో దొరికిన యుద్ధపు చుట్ట ఈ చర్చను మార్చివేసింది. అందులో రోమహ్ పొడవు ఏడు మూరలు. కీదోన్ పొడవు మూరన్నర, వెడల్పు నాలుగు వేళ్లు. ఇది ఈటె కొలత కాదు, కత్తి కొలత. దీని ఆధారంగా 1956లో మోలిన్ మొదలైన పండితులు కీదోన్ ఒక విధమైన ఖడ్గమని వాదించారు. యెహోషువ చేతిలోనిది వంపుకత్తి అనియు, ప్రాచీన సమీప ప్రాచ్యంలో అది దైవమిచ్చే విజయానికి చిహ్నమనియు 1974లో ఓత్మార్ కీల్ వివరించాడు.

అయితే ఆ చుట్ట యెహోషువ కాలానికి ఎన్నో శతాబ్దాల తరువాతిది. పదాల అర్థం కాలక్రమంలో మారవచ్చును. యోబు 39:23, యిర్మీయా 6:23 వంటి వచనాలు ఎటూ తేల్చవు. కనుక దీనిని బలమైన అభిప్రాయమనవచ్చునేగాని తుది తీర్పు అనలేము.

బోధకునికి దీనివలన ప్రయోజనమేమి? ఈటె అనగానే విసరడం, గురిపెట్టడం మనస్సుకు వస్తాయి. వాక్యభాగంలో యెహోషువ దేనినీ విసరలేదు, ఎవరినీ పొడవలేదు. హాయి పతనమగువరకు చాచిన చెయ్యి ముడుచుకొనలేదు (8:26). నిర్గమకాండము 17లో మోషే ఎత్తిన చేతులవలెనే ఇదీ ఒక గురుతు. విజయం ఆయుధబలంవలన కాదు, చెయ్యి చాపుమని ఆజ్ఞాపించిన దేవునివలన కలిగింది. యెహోషువ గురి తప్పని ఈటె విసిరాడని చేసే ప్రసంగం ఈ భావాన్ని తలక్రిందులు చేస్తుంది.

1947కు ముందు పనిచేసిన మన అనువాదకులను తప్పుపట్టడం న్యాయం కాదు. ఇకమీదట వచ్చే తెలుగు అనువాదాలు రెండు గ్రంథాలలోనూ కీదోన్‌కు ఒకే పదం వాడి, ‘లేదా ఖడ్గము’ అని అడుగున సూచిస్తే చాలునని మా అభిప్రాయం.