లోపలివారి లేఖిని

ఒక సంగీతమును ఆశ్రయించి జీవించు మనుష్యులను గూర్చి గ్రంథము వ్రాయుట మిక్కిలి కష్టసాధ్యమైన విద్య. ఆ సంగీతమెరుగనివాడు వ్రాసినచో వేషము మాత్రమే కనబడును. అందు మునిగిపోయినవాడు వ్రాసినచో స్తుతి మాత్రమే వినబడును. ఈ రెంటికిని నడుమ నిలిచి, తాను ప్రేమించుదానిని తానే పరీక్షించి, ఆ పరీక్షలో ప్రేమను పోగొట్టుకొనక నిలుపుకొన్న రచయితలు ఏ భాషయందును విరివిగా లేరు. ఇంగ్లండులో గోత్ అను పేర వెలసిన ఉపసంస్కృతిపై గడచిన నాలుగు దశాబ్దములలో వచ్చిన పుస్తకములను నేను కొంతకాలముగా చదువుచు, వాని ప్రక్కనే ఆ సంగీతమును గూడ వినుచు వచ్చితిని. పరిశోధకునకు కావలసిన చెవియు, ఓర్పును, నిజాయితీయు ఎట్టివో ఈ చిన్న గ్రంథరాశివలన నాకు బోధపడినంతగా మరి దేనివలనను బోధపడలేదు.

ముందు సంగీతము సంగతి. పంక్ ఉద్ధృతి చల్లారుచున్న దినములలో, 1979 ఆగస్టున, నార్తాంప్టన్ పట్టణపు బౌహౌస్ బృందము 'బేలా లుగోసీస్ డెడ్' అను రికార్డును వెలువరించినది. అది తొమ్మిది నిమిషములకు పైబడిన పాట. మెల్లగా దిగివచ్చు బేస్ గిటారు స్వరములు, చిన్న చిన్న తాళపు దెబ్బలు, ప్రతిధ్వనులుగా చెదరిపోవు గిటారు చప్పుళ్లు చాలసేపు సాగిన పిమ్మటగాని గాయకుని కంఠము వినరాదు. శ్రోతను అంతసేపు నిరీక్షింపజేయుటలోనే ఆ పాట బలమంతయు నున్నది. 1981లో సూజీ అండ్ ద బాన్షీస్ వారి 'జూజూ', 1982లో ద క్యూర్ వారి 'పోర్నోగ్రఫీ' వచ్చినవి. లీడ్స్ నగరమున సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందము మనుష్యునికి బదులు డ్రమ్ యంత్రమును నిలిపి, దానికి డాక్టర్ అవలాంచ్ అని నామకరణము చేసినది. 1982 జూలైలో లండను నగరపు సోహోలో 'బ్యాట్‌కేవ్' అను క్లబ్బు తెరువబడినది. నల్లని దుస్తులు, తెల్లగా పూసిన ముఖములు, దట్టముగా దిద్దిన కాటుక కన్నులు గల యువజనులు అచ్చట గుమిగూడిరి. పత్రికలవారు వారి ఛాయాచిత్రములను తీసికొనిపోయిరి. వారేమి వినుచున్నారో అడిగినవారు కొలదిమంది.

ఆ కొలదిమందిలో మిక్ మెర్సర్ ముఖ్యుడు. చేతిపత్రికలు నడిపి, రాత్రివేళల కచేరీలకు తిరిగిన ఈ పాత్రికేయుడు 1988లో 'గోతిక్ రాక్ బ్లాక్ బుక్', 1991లో 'గోతిక్ రాక్', 1996లో 'హెక్స్ ఫైల్స్' ప్రకటించెను. వీనిలో సిద్ధాంతము లేదు. కాని ఒకటి రెండు రికార్డులు చేసి మాయమైన బృందముల పేర్లు, వారి ఊళ్లు, వారి మాటలు ఈ పుటలలో నిలిచియున్నవి. ఇట్టి సంకలనకర్తలను పండితులు చిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు. వారు పోగుచేయనిదే తరువాతివారికి ఆలోచించుటకు సామగ్రియే లేకపోవును.

విశ్వవిద్యాలయముల తోవ వేరు. 1964లో రిచర్డ్ హాగర్ట్ బర్మింగ్‌హామ్‌లో సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రమును స్థాపించెను. ఆ కేంద్రమున పెరిగిన ఆలోచనకు డిక్ హెబ్డిజ్ 1979లో వ్రాసిన గ్రంథము ప్రసిద్ధమైన ఫలము. యువకుడు చొక్కాకు గుచ్చుకొన్న పిన్నీసునందు గూడ ఆధిపత్యముపై ఎదిరింపు కలదని, వేషభాషలను గ్రంథమువలె చదువవచ్చునని ఆయన చూపెను. అది ప్రతిభావంతమైన రచనయే. ఐనను ఆ పిన్నీసు గుచ్చుకొన్నవాని మాట అందు అరుదుగా వినబడును. తరువాతి తరము పండితులు, నేటి యువజనులు ఏ గుంపునందును స్థిరముగా నిలువక ఒకదాని నుండి వేరొకదానికి జారిపోవుచుందురని, ఉపసంస్కృతి యను భావమే కాలము చెల్లినదని వాదింప మొదలిడిరి.

ఈ వాదమునకు జవాబుగా వచ్చినదే పాల్ హాడ్కిన్సన్ 2002లో ప్రకటించిన 'గోత్' అను గ్రంథము. ఆయన స్వయముగా గోత్. బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటుకై చేసిన పరిశోధనయే దానికి మూలము. యార్క్‌షైరు తీరమున, బ్రామ్ స్టోకర్ 1897లో వ్రాసిన 'డ్రాకులా' నవలలో కథారంగమైన విట్బీ పట్టణమున, 1994 నుండి జరుగుచున్న గోత్ సమావేశములలో ఆయన పాల్గొని, ప్రశ్నావళులు పంచి, సంభాషణలు జరిపి, తన తోడివారిని తోడివానిగానే అధ్యయనము చేసెను. గోత్ జీవనమునకు సారము కలదని ఆయన సిద్ధాంతము. ఊరు మారినను మారని విలక్షణమైన అభిరుచి, తామందరమొకటి యను ఎరుక, సంవత్సరముల తరబడి సడలని నిబద్ధత, స్వావలంబన అను నాలుగు లక్షణములలో ఆ సారమును ఆయన చూపెను. వీనిలో నన్ను ఎక్కువగ ఆకర్షించినది చివరిది. దుస్తులు కుట్టువారు, చిన్న దుకాణములవారు, రాత్రి క్లబ్బులు నిర్వహించువారు, రికార్డులు అమ్మువారు, కరపత్రములు పంచువారు పెక్కుచోట్ల ఆ సమూహములోనివారే. లాభమున్నను స్వల్పము, శ్రమ మాత్రమధికము. పెద్ద కంపెనీల వ్యాపారము దీనిని బొత్తిగా తాకలేదని ఆయన అనలేదు. ఏది ఎంతవరకో కొలిచి చెప్పెను. ఆ కొలతయే పాండిత్యము.

లోపలివాడైనంత మాత్రమున సత్యము దానంతటదే చేతికందదని 2005లో ఆయనయే వేరొక వ్యాసమున విపులముగ చర్చించినాడు. లోపలి స్థానము తలుపులు తెరచును, విశ్వాసమును సంపాదించును. కాని తనకు సహజమని తోచినదానిని ప్రశ్నింపకుండు ప్రమాదమును గూడ వెంటదెచ్చును. డున్యా బ్రిల్ 2008లో ప్రకటించిన గ్రంథము ఈ ప్రమాదమును ధైర్యముతో నెదుర్కొన్నది. ఆమెయు ఆ లోకమునకు చెందినదే. గోత్‌లు స్త్రీపురుష భేదములను దాటినవారమని చెప్పుకొందురు గదా. పురుషుడు కాటుక పెట్టి లంగా కట్టినప్పుడు అది సాహసముగ గౌరవింపబడుటయు, స్త్రీ ఎంత విపులముగ అలంకరించుకొన్నను అది ఆమెకు విధియైనట్లు భావింపబడుటయు ఆమె చూపినది. తనవారి అభిమానసిద్ధాంతమును తానే పరీక్షకు పెట్టుట స్నేహమును పణముగ ఒడ్డుటయే. ఆ కారణమున ఈ గ్రంథమును నేను అన్నిటికన్న మిన్నగ గౌరవింతును.

వైద్యపరిశోధకుల లెక్కలను గూడ ఇచ్చట తలపవలసియున్నది. గ్లాస్గో ప్రాంతమున 1,258 మందిని పరిశీలించి 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన అధ్యయనమును, 3,694 మందిని గూర్చి 2015లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనమును, గోత్‌లమని చెప్పుకొన్నవారిలో ఆత్మహింసయు విషాదమును ఎక్కువగ కనుగొన్నవి. కాని వేషమే వ్యాధికి హేతువని ఆ పరిశోధకులు తేల్చలేదు. ముందే వేదనలో నున్నవారు తమవంటివారిని వెదకికొనుచు అచ్చటికి చేరుచుండవచ్చును. అంకె ఎంతమందియో చెప్పును. ఏల చేరిరో, చేరినపిమ్మట ఏమి ఓదార్పు దొరకెనో చెప్పుటకు హాడ్కిన్సన్ వంటివాని ఓర్పు కావలెను.

ఈ అధ్యయనము కేవలము విద్వద్వినోదము కాదనుటకు ఒక దుఃఖకరమైన నిదర్శనము కలదు. 2007 ఆగస్టున లాంకషైరులోని బేకప్ పట్టణమున, ఇరువదేండ్ల సోఫీ లాంకాస్టర్‌ను ఒక పార్కులో కొందరు కుర్రవాండ్రు ఆమె వేషమును కారణముగ చేసికొని కొట్టిరి. ఆ గాయములతో ఆమె మరణించినది. ఇట్టి సమూహములపై జరుగు దాడులను ద్వేషనేరములుగ నమోదు చేయుటకు గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు 2013లో నిర్ణయించిరి. ఇట్టి సమూహమొకటి నిజముగ కలదా అను ప్రశ్న పండితుల గదిలో ఎంత పొడిగ తోచినను, పోలీసు పుస్తకమున దానికి ప్రాణమంత విలువ గలదు.

నా అసంతృప్తి ఒకటి కలదు. సమాజశాస్త్రజ్ఞులలో అధికులు దుస్తులనుగూర్చి పుటలకొలది వ్రాసి, సంగీతమును నేపథ్యమున వదలివేసిరి. గుడ్లాడ్, బిబీ గారల సంపాదకత్వమున 2007లో డ్యూక్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించిన వ్యాససంపుటి విశాలమైనదే. అయినను ధ్వనినే కేంద్రముగ చేసి, అది వినువానిని ఏ కాలమునకు, ఏ స్థలమునకు తీసికొనిపోవునో అడిగినవారు ఇసబెల్లా వాన్ ఎల్ఫెరెన్, జెఫ్రీ వైన్‌స్టాక్. వారి గ్రంథము 2016 వరకును రాలేదు. అంత ఆలస్యమేల కావలెను? చెవులతో మొదలైన సమూహమును కన్నులతోనే చదువుట న్యాయము కాదు.

2023లో జాన్ రాబ్, కాథీ అన్స్‌వర్త్, ద క్యూర్ బృందపు తొలి డ్రమ్ము వాద్యకారుడైన లోల్ టోల్‌హర్స్ట్ వ్రాసిన మూడు చరిత్రలు వెలువడినవి. ఆ తరమువారు వృద్ధులగుచున్నారు. జ్ఞాపకములను వ్రాసియుంచుటకు ఇదియే అదను. ఈ విషయమున ప్రవేశింపగోరు పాఠకులు ముందుగ 'జూజూ'ను ఆద్యంతము వినవలెను. పిదప హాడ్కిన్సన్‌ను, ఆ వెనుక బ్రిల్‌ను చదువవలెను. తక్కినవానిని ఏ క్రమమున చదివినను నష్టము లేదు.